పాత రోలర్ తెస్తేనే కొత్తది

నేను పోలీసు శాఖలో తుపాకులు చూస్తాను. కాల్చడం కాదు, చూడడం. ప్రతి ఆయుధాన్నీ ఏడాదికోసారి విప్పి, కడిగి, ఏ ముక్క అరిగింది, ఏది పగిలింది, ఏ స్ప్రింగు నీరసపడింది అని రాసి, మార్చాల్సినవి మార్చి మళ్ళీ బిగించడం నా ఉద్యోగం. ఈ పని చేసేవాళ్ళని శాఖలో ఆర్మరర్ అంటారు. మా అమ్మ మాత్రం చుట్టాలతో "మా బిడ్డ పోలీసులల్ల రిపేరు పని చేస్తది" అని చెబుతుంది. విన్నవాళ్ళు జీపుల రిపేరు అనుకుంటారు. నేనూ సరిదిద్దను. తుపాకులని చెబితే వెంటనే రెండో ప్రశ్న వస్తుంది, దాని వెనకే మూడోది.

మా నాన్న కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయి వర్క్‌షాపులో ఫిట్టర్. ఆయన సంచిలో ఫీలర్ గేజ్ అని ఒకటి ఉండేది. విసనకర్రలా విచ్చుకునే సన్నటి ఉక్కు రేకుల కట్ట అది. ఒక్కో రేకు ఒక్కో మందం. రెండు ఇనుప ముక్కల మధ్య ఎంత సందుందో ఆ రేకులు దూర్చి తెలుసుకుంటారు. చిన్నప్పుడు నేను దాంతో దోసెల మందం కొలిచి అమ్మ చేత తిట్లు తిన్నాను. పోలీసు ట్రైనింగ్‌లో ఆయుధాల మరమ్మతు కోర్సుకు ఎవరెవరు పోతారని అడిగినప్పుడు, బల్ల మీద అదే గేజ్ కనిపించేసరికి చెయ్యెత్తాను. మా బ్యాచ్‌లో చెయ్యెత్తిన ఆడపిల్లను నేనొక్కదాన్నే.

ఇప్పుడు చెప్పేది కొన్నేళ్ళ కిందటి సంగతి. భద్రాచలం దాటి చర్ల వైపు పోతే అడవి అంచున మా వాళ్ళ క్యాంపు ఒకటి ఉండేది. ఏటా జరిగే తనిఖీకి అక్కడికి వెళ్ళాను. ఆ క్యాంపులో ఉన్నవి రోలర్ రైఫిళ్ళు. వాటి సంగతి రెండు ముక్కల్లో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఆ రైఫిల్ లోపల వెనక్కీ ముందుకీ కదిలే ఉక్కు ముక్కను బోల్టు అంటారు. దాని తలకు రెండు పక్కలా పల్లీగింజంత రోలర్లు రెండుంటాయి. తూటా పేలగానే బోల్టు వెనక్కి పరుగెత్తబోతుంది. ఈ రెండు రోలర్లు పక్క గోడల్లోని గుంటల్లో తన్నిపెట్టి దాన్ని రెప్పపాటు ఆపుతాయి. గుండు గొట్టం దాటాక దారి వదులుతాయి. కొత్త జంటను గుమ్మంలో ఆపి, పేర్లు చెప్పాకే లోపలికి రానిచ్చే ఆడబిడ్డల్లాంటివి. ఏళ్ళ తరబడి కాలిస్తే ఇవి అరుగుతాయి. అరిగితే బోల్టు తలకూ దాని వెనక ముక్కకూ మధ్య ఉండాల్సిన సందు తగ్గిపోతుంది. ఆ సందులో గేజ్ రేకు దూరకపోతే రోలర్లు మార్చాలి. నా చదువంతా అంతే.

క్యాంపుకు ఇన్‌చార్జి ఒక ఆర్‌ఎస్సై సారు. రిజర్వు ఎస్సై అన్నమాట. పెద్ద మీసం, చిన్న గొంతు. అడవికి భయపడేవాడు కాదు గాని కాగితానికి భయపడేవాడు. నేను జీపు దిగగానే అడిగిన మొదటి మాట, "అన్నీ సరిగ్గ ఉన్నయని రాస్తవ్ కదమ్మా?"

"చూసినంక రాస్త సార్."

"అవ్, చూసే రాయి. కని సరిగ్గ ఉన్నయనే రాయి."

వరండాలో టేబుల్ వేయించి, దుప్పటి పరిచి, ఒక్కో రైఫిల్‌లో తూటా లేదని ముందు కంటితో, తర్వాత వేలితో చూసుకుని విప్పడం మొదలుపెట్టాను. మొదటి రైఫిల్ విప్పగానే గుప్పుమని మల్లెపూల వాసన కొట్టింది.

"ఇదేం నూనె?" అని దాని కానిస్టేబుల్‌ను అడిగాను.

"గన్ను నూనె ఐపోయింది మేడం. తలకు పెట్టుకునేది పెట్టిన. మంచిదే, జుట్టు రాలదు."

రెండోదాంట్లో పిన్ను చుట్టూ ఉండాల్సిన స్ప్రింగు బదులు బాల్‌పెన్నులో ఉండే స్ప్రింగు ఉంది.

"అసలుది ఇరిగింది మేడం," అన్నాడు దాని యజమాని. "నా పెన్నుది తీసి ఏసిన."

"మరి పెన్ను?"

"పెన్నుకు ఇరిగినది ఏసిన. రాస్తున్నది."

రెండూ రాసుకున్నాను. మూడో రైఫిల్ ఒక పొడుగు కానిస్టేబుల్‌ది. దాన్ని పసిపిల్లకు స్నానం చేయించినట్టు తుడిచి, పాత లుంగీలో చుట్టి తెచ్చాడు. మరక లేదు, తుప్పు లేదు. కాని బోల్టు దగ్గర సందులో నా గేజ్‌లోని సన్నరేకు కూడా దూరలేదు. మళ్ళీ చూశాను. దూరలేదు. అతనికి చెబితే కొడుకు పదో తరగతి తప్పినట్టు మొహం పెట్టాడు.

"వారం వారం తుడుస్తున్న మేడం. ఎట్ల అరిగింది?"

"తుడిస్తే అరగలేదు. కాలిస్తే అరిగింది."

"మరి ఆళ్ళయి అరగలేదేంది?" అని మల్లెపూల వాసన రైఫిల్ వైపు చూశాడు.

సరే, రోలర్లు బయటకు తీసి కొలుద్దామని వాటిని పట్టి ఉంచే చిన్న రేకును వదులు చేశాను. ఇలాంటప్పుడు కింద పళ్ళెం పెట్టుకోవాలి. మా ట్రైనింగ్ మాస్టారు పళ్ళెం గురించి ఒక పూటంతా చెప్పాడు. ఆ రోజు నా పళ్ళెంలో ఎవరో మిర్చి బజ్జీలు పెట్టి ఇచ్చారు. ఒక రోలర్ నా చేతిలోకి వచ్చింది. రెండోది టక్కున ఎగిరి, టేబుల్ అంచుకు తగిలి, వరండా దిగి వాకిట్లో పడింది. సరిగ్గా అదే చోట వంట కానిస్టేబుల్ బియ్యం చెరిగి నూకలు పోసి వెళ్ళాడు. కంచె అవతలి కోళ్ళు అప్పటికే వాటి మీద ఉన్నాయి.

మేము వాకిట్లోకి దిగేసరికి నూకలు లేవు. రోలర్ లేదు.

గేటు దగ్గర సెంట్రీ డ్యూటీలో ఉన్న అతను తాపీగా చెప్పాడు. "కోడి మింగింది మేడం. నేను చూసిన."

"ఏ కోడి?"

"ఎర్రది."

అక్కడున్న కోళ్ళలో ముప్పాతిక వంతు ఎర్రవే. "ఎట్ల మింగింది?" అని అడిగాను, ఏం అడగాలో తోచక. "గిట్ల," అని అతను మెడ పైకెత్తి, కళ్ళు మూసి, గుటకేసి చూపించాడు. చాలా నమ్మకంగా చేశాడు.

ఆ పూటంతా ఆరుగురం వాకిట్లో మట్టి జల్లెడ పట్టాం. వానలు వెనకబట్టి ఇంకా పచ్చిగానే ఉన్న నేల. తాడుకు అయస్కాంతం కట్టి ఈడ్చాను. రెండు మేకులు, ఒక సీసా మూత వచ్చాయి. ఆర్‌ఎస్సై సారు కుర్చీలో కూర్చుని "పోయిందని మాత్రం రాయకు" అని మధ్యమధ్యలో అంటూ ఉన్నాడు.

నిజానికి అది పనికిరాని రోలర్. అరిగింది కాబట్టే తీశాను, ఎలాగూ తుక్కులోకి పోయేదే. కాని ఆయుధం ముక్క, అదీ అడవి అంచున, కనబడకుండా పోతే విచారణ ఉంటుంది. ఆ విచారణలో సాక్షినీ నేనే, ముద్దాయినీ నేనే. పైగా పాత ముక్క జమ చేస్తే గాని స్టోరులో కొత్త ముక్క ఇవ్వరు. స్టోరులో లెక్కలు రాసే రైటర్‌కు ఫోన్ చేశాను.

"రోలర్లు కావాలె అన్నా, ఒక జత."

"ఇస్త. పాతయి తెచ్చియ్యి."

"ఒకటి ఉంది. ఇంకోటి కోడి మింగింది."

"ఎవరి కోడి?" అన్నాడు.

"ఊర్ల ఒక అవ్వది."

"చూడమ్మా, పాత రోలర్ తెస్తేనే కొత్తది. కోడి సంగతి మా ఫారంల లేదు."

సారు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "కోడినే తెచ్చిస్తే జమ చేసుకుంటవా?" అని అడిగాడు. ఆ అడగడంలో ఎగతాళి లేదు.

"ప్రాణంతోని ఉన్నయి స్టోరుల జమ చెయ్యరాదు సార్," అన్నాడు రైటర్. అతనూ నిజాయితీగానే చెప్పాడు.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పుకున్నాను. అంతా విని, "సందు ఎంత ఉండె?" అని అడిగాడు. కోడి గురించి ఒక్క మాట అడగలేదు.

కోళ్ళు కంచె పక్కింటి అవ్వవి. తడికల ఇల్లు, వెనక మిర్చి చేను. అవ్వ పొట్టిగా, గట్టిగా, కాళ్ళకు వెండి కడియాలతో ఉండేది. కోళ్ళతో కోయభాషలో మాట్లాడేది, మాతో తెలుగులో. మర్యాదంతా కోళ్ళకే పోయేదని నా అనుమానం. మరునాడు పొద్దున సారు, నేను, పొడుగు కానిస్టేబుల్ ఆమె వాకిట్లో నిలబడి విషయం చెప్పాం.

"అవ్వా, మీ కోడి మా సామాను మింగింది," అన్నాడు సారు.

"మింగితే అది మీ వాకిట్లనే మింగె గద. నా వాకిట్లకు వచ్చి మీ జవాను ఏమన్న మింగిండా, నేనడిగిన్నా?"

"అట్ల కాదవ్వా..."

"నా కోడి దొంగ కాదు. మీరు గింజల్ల కలిపి పెట్టిన్రు, అది తిన్నది." నా వైపు తిరిగింది. "నువ్వేనా బిడ్డా జారిడిసింది?"

"నేనే అవ్వా."

"చేతికి నూనె ఉంటే గట్లనే జారుతది," అంది. ఆ రెండు రోజుల్లో నా పక్షాన మాట్లాడిన మొదటి మనిషి ఆమే.

ఏ కోడి మింగిందో తెలియకుండా ఏదీ కోయనివ్వనంది. న్యాయమే. ఎక్స్‌రే తీయిద్దామని పొడుగు కానిస్టేబుల్ అన్నాడు. భద్రాచలం దవాఖానాకు అన్ని కోళ్ళనూ ఏ బండిలో తీసుకుపోవాలి, చీటీలో రోగి పేరు, వయసు ఏం రాయించాలి అని సారు నిజంగానే కాసేపు ఆలోచించాడు. అప్పుడు నాకు మెటల్ డిటెక్టర్ గుర్తొచ్చింది. రోడ్ల కింద మందుపాతరలు వెతకడానికి క్యాంపులో ఒకటి ఉంది. ఇనుమో మరే లోహమో దగ్గరికి వస్తే కూత పెడుతుంది.

డిటెక్టర్ పట్టుకునే జవాను చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, పూర్తి యూనిఫాంలో, వాకిట్లో నిలబడ్డాడు. ఊళ్ళో సగం మంది వచ్చి తడిక పక్కన కూర్చున్నారు. కోళ్ళు అవ్వ చేతిలోనే కుదురుగా ఉంటాయి కాబట్టి ఆమె ఒక్కోదాన్ని పట్టుకొచ్చింది. మొదటి కోడి కూత పెట్టింది. అంటే మెషిన్ కూత పెట్టింది. రెండోదీ పెట్టింది. మూడో దానికీ పెట్టింది. అన్నీ మింగాయా అని సారు మొహం తెల్లబడింది.

"అవ్వా, కడియాలు," అన్నాను నేను.

"ఏంది?"

"మీ కడియాలకు కూస్తున్నది. ఒకసారి తీస్తరా?"

"పెండ్లినాడు ఏసిన్రు. మీరు వస్తరని తెల్వదు, తియ్యకపోతి."

అవ్వ తప్పుకుంటే పొడుగు కానిస్టేబుల్ పట్టుకున్నాడు. అతని బెల్టు బిళ్ళకు కూసింది. బెల్టు తీశాడు. బూట్ల కింద మేకులకు కూసింది. బూట్లు తీశాడు. అప్పటికి అతని చేతిలో కోడి జారిపోయి మిర్చి చేలో పడింది. చివరికి నేను గాజులు, వాచీ తీసేసి, చెప్పులు విడిచి, ఒక్కో కోడినీ రెండు చేతులా పట్టి డిటెక్టర్ ముందు ఎత్తాను. తనిఖీ అన్నాక వరస ఉండాలి కదా, పూర్తయినవాటి కాలికి దారం కట్టాను. ఒక్కటీ కూయలేదు. పెట్టలన్నీ అయిపోయాయి.

"ఇంకేమన్న ఉన్నయా అవ్వా?"

"పుంజు ఉంది. మీరు కోడి అన్నరు గద."

ఇంటి వెనక నుంచి పుంజును తెచ్చారు. ఎర్రటి పుంజు, నల్ల తోక, చూపులో మా డీఎస్పీ గారిని మించిన ఠీవి. దగ్గరికి తేగానే మెషిన్ కుయ్యిమంది. దూరం జరిపితే ఆగింది. మళ్ళీ దగ్గరికి తెస్తే మళ్ళీ కూసింది. తడిక పక్కన కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సెంట్రీని పిలిచి అడిగితే, "పుంజైనా కోడే గద మేడం," అన్నాడు.

చిక్కు అక్కడితో తీరలేదు. ఆ పుంజు కొత్తల పండుగకు అమ్మవారికి మొక్కిన పుంజు. కొత్త ధాన్యం తినే ముందు ఊరంతా చేసుకునే పండుగ, రాబోయే ఆదివారం. ఆ రోజు శుక్రవారం. ముందే కోస్తే మొక్కు చెడుతుంది. ఆ విషయంలో అవ్వ ఒక్క అంగుళం కదల్లేదు. మేమూ అడగలేకపోయాం.

"రెండు రోజులు ఆగలేరా?" అంది. "యాడికి పోతది?"

పుంజు ఎక్కడికి పోతుందన్నదే సారు బెంగ. ముంగిస పట్టుకుపోవచ్చు, ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, మా వంట కానిస్టేబుల్ చూపు కూడా ఆయనకు నచ్చలేదు. అందుకని అవ్వ వాకిట్లో పుంజును గంప కింద పెట్టి పగలంతా ఒక జవానును కాపలా వేశాడు. చీకటి పడగానే అవ్వ దాన్ని ఇంట్లో పెట్టుకునేది. డ్యూటీ రిజిస్టరులో ఆ స్థలాన్ని ఏమని రాయాలో తెలియక "కీలక ప్రదేశం" అని రాయించాడు. పొద్దునా సాయంత్రం డిటెక్టర్ పెట్టి రోలర్ ఇంకా లోపలే ఉందని చూసి నేను సంతకం పెట్టాలి. పెట్టాను. శుక్రవారం సాయంత్రం ఉంది. శనివారం పొద్దున ఉంది. శనివారం సాయంత్రం కూత కొంచెం సన్నగా వినబడిందని జవాను అన్నాడు. చూస్తే మెషిన్‌లో బ్యాటరీ అయిపోవచ్చింది.

మిగిలిన రైఫిళ్ళు శనివారం మధ్యాహ్నానికి పూర్తిచేశాను. ఒకదాని బోల్టు తలకు వెంట్రుకంత పగులు కనిపించింది, దాన్ని పక్కన పెట్టించాను. తర్వాత చేయడానికి పని లేదు. గంప దగ్గర కూర్చుని ఉంటే అవ్వ తన మందు కొట్టే పంపు తెచ్చి నా ముందు పెట్టింది. మిర్చికి కొట్టేది. పిచికారీ రాకుండా ఒక పక్కకు ధారలా కారుతోంది.

"తుపాకులు చేస్తవంట గద. ఇది చెయ్యి."

విప్పి చూస్తే ముక్కు దగ్గర రంధ్రం అరిగి కోలగా అయింది. వాల్వు దగ్గర సందు గేజ్‌తో చూశాను, అలవాటు కొద్దీ. ముక్కు మార్చాల్సిందేనని చెప్పి, ఈలోపు నడవడానికి ఒక వాషరు కోసి వేశాను. పంపు సరిగ్గా కొట్టింది. ఇంకో గంటలో నా ముందు నాలుగు పంపులు, రాని తాళం, ఆగిపోయిన టేబుల్ ఫ్యాను, ఒక కత్తెర చేరాయి. ఫ్యాను నా వల్ల కాలేదు. ఫ్యాను తెచ్చినాయన నిరాశగా, "మరి తుపాకులు ఎట్ల చేస్తున్నవమ్మా?" అని అడిగి తీసుకుపోయాడు.

ఆదివారం పూజ దగ్గరికి మేము పోలేదు. అది వాళ్ళ పని, వాళ్ళ పద్ధతి. సారూ నేనూ పొడుగు కానిస్టేబులూ అవ్వ వాకిట్లో చాప మీద కూర్చుని ఎదురుచూశాం. మధ్యాహ్నం దాటాక డోలు ఆగింది. అవ్వ గిన్నెతో వచ్చి, కత్తిపీట ముందు కూర్చుని, పుంజు కందనకాయను మా ఎదుటే కోసింది. చిన్న రాళ్ళు, ఆకుపచ్చ గాజు ముక్క, ఒక చొక్కా గుండీ, దాని వెనక నా రోలర్.

"గుండీ నాది," అన్నాడు పొడుగు కానిస్టేబుల్.

సారు లేచి నిలబడ్డాడు. కాసేపటికి మళ్ళీ కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడని మిగతావాళ్ళు అంటారు, నేను చూడలేదు. నేను రోలర్‌నే చూస్తున్నాను. చెయ్యి చాస్తే అవ్వ ఇవ్వలేదు. "మొక్కిన పుంజు కడుపుల నుంచి వచ్చింది, గట్ల ఇయ్యొద్దు," అని నీళ్ళతో కడిగి, పసుపు రాసి, అంత చిన్న రోలర్ మీద అంతకన్నా చిన్న బొట్టు పెట్టి నా అరచేతిలో పెట్టింది. నేను ఎందుకో కళ్ళకద్దుకున్నాను.

క్యాంపుకు వచ్చి మైక్రోమీటర్‌తో కొలిచాను. మూడు రోజులు కందనకాయలో రాళ్ళ మధ్య దొర్లినా, దాని జతతో పోలిస్తే వీసమంత తేడా రాలేదు. మెరుపు మాత్రం పోయింది. ఉక్కును గౌరవించాలో, పుంజును గౌరవించాలో తెలియలేదు. రిపోర్టులో "లోపానికి కారణం" అని ఒక గడి ఉంటుంది. సహజమైన అరుగుదల అని రాయమన్నాడు సారు. "కాల్పుల వల్ల అరుగుదల. మెరుపు పోవుటకు కారణం: ఇతరములు" అని రాశాను. ఆ ఇతరములు ఏమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

స్టోరులో రైటర్ రెండు రోలర్లనూ కాగితం మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఒకదానికి పసుపు ఇంకా పోలేదు.

"కడిగినవా?" అన్నాడు.

"రెండు సార్లు."

కాగితం కొసతో దాన్ని డబ్బాలోకి తోసి, కొత్త జత ఇచ్చి, సంతకం తీసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "కూర ఎట్లుండె?" అని అడిగాడు. బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. అవ్వ మాకు కూడా వడ్డించింది. కందనకాయ మాత్రం పెద్దవాళ్ళకే అని తను తీసుకుంది.

మరుసటి వారం కొత్త రోలర్లతో మళ్ళీ వెళ్ళాను. ఈసారి వరండాలో కాదు, గదిలో తలుపు వేసుకుని కూర్చుని బిగించాను. సందులో రేకు సరిగ్గా దూరింది. వాగు అవతలి మట్టిగుట్టకు గురిపెట్టి పొడుగు కానిస్టేబుల్ చేత ఐదు తూటాలు కాల్పించాం. రైఫిల్ బయటకు విసిరిన ఖాళీ తూటా తొడుగులు ఐదూ ఒకే వైపు, ఒకే దూరంలో పడ్డాయి. అలా పడ్డాయంటే లోపల అంతా కుదురుగా ఉన్నట్టు. అతను వాటిని ఏరి తెచ్చి, లెక్క చూపించి, రైఫిల్‌ను మళ్ళీ లుంగీలో చుట్టుకున్నాడు.

"ఇవి మళ్ళ ఎప్పుడు అరుగుతయి మేడం?"

"నువ్వు కాల్చేదాన్ని బట్టి. చాన్నాళ్ళు పడుతది."

"ఐతే నేను కాల్చనే కాల్చ," అన్నాడు.